విశాఖ తీరంలో హోటల్ మానేసి ఎవరింట్లోనైనా దిగొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. హైదరాబాద్ నుంచి డిసెంబరు మూడో వారంలో విశాఖ వస్తున్నారు. మీరిద్దరూ, ఇద్దరు పిల్లలు (పదేళ్ల పాప, పద్నాలుగేళ్ల బాబు), డెబ్భై దాటిన అమ్మానాన్నలు. మూడు రాత్రులు. రిషికొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, సబ్‌మెరైన్, వీలైతే అరకు చూడాలని ఉంది. బీచ్ రోడ్డు పొడవునా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అని, హోమ్‌స్టే అని యాపుల్లో ఇళ్లు కనపడుతున్నాయి. హోటల్ బదులు వాటిలో దిగొచ్చా, ధర ఎంత ఉంటుంది, మోసపోతామా అని మీ అనుమానం.

దిగండి. మీ కుటుంబానికి హోటల్ కంటే అదే నయం. కాకపోతే ఒక షరతు. ఇంటివాళ్లు అదే ఇంట్లో కాపురం ఉండాలి. కింద వాళ్లు, పైన మీరు. లేదా పక్క వాటాలో వాళ్లు. అలా లేకపోతే ఫొటోలు ఎంత బాగున్నా అది రిసెప్షన్ లేని లాడ్జి. దానికన్నా మామూలు హోటలే మేలు. ఇంకో మాట, సముద్రం కనపడే గది కోసం అదనంగా డబ్బు పెట్టకండి. అదెందుకో కింద రాశాను.

నేనెవరో కూడా చెప్పాలి కదా. సాగర్‌నగర్ దాటాక రిషికొండ వైపు మాకు సొంతిల్లు ఉంది. మావారు రిటైర్ అయ్యారు, పిల్లలు రెక్కలొచ్చి వెళ్లిపోయారు, మేడ మీద మూడు గదులు ఊరికే పడున్నాయి. 2012 నుంచి వాటిని వచ్చేపోయేవాళ్లకు టిఫిన్‌తో కలిపి ఇస్తున్నాం. కాబట్టి నా మాటల్లో నా పని మీద అభిమానం కాస్త కలుస్తుంది, అది తీసేసి చదువుకోండి. మా ఇంటి పేరు, నంబరు మాత్రం అడగొద్దు. డిసెంబరుకి ఎలాగూ ఖాళీ లేదు.

ఇంటివాళ్లు ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి?

కేంద్ర పర్యాటక శాఖకు ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అని ఒక పథకం ఉంది. ఇళ్లను చూసి గోల్డు, సిల్వరు అని తరగతి ఇస్తారు. యజమాని కుటుంబంతో సహా ఆ ఇంట్లోనే ఉండాలన్నది అందులో నియమం. గదులు కూడా ఒకటి నుంచి ఆరు వరకే. పథకంలో పేరున్న ఇల్లే వెతుక్కోమని నేను అనను. పేరు లేని మంచి ఇళ్లు బోలెడు. కానీ ఆ నియమం వెనక ఉన్న లెక్క మాత్రం సరైనది. పన్నెండు గదులున్న ‘హోమ్‌స్టే’ కనపడితే అక్కడ మీకోసం పప్పు రుబ్బే మనిషి ఉండదు.

కొన్నేళ్ల కిందట మేమిద్దరం వేరే రాష్ట్రంలో సముద్రం పక్క ఊరికి వెళ్లాం. రోజూ మనం పెట్టడమే కదా, ఒకసారి మనకీ ఎవరైనా పెడితే తిందాం అని నా ఆశ. యాప్‌లో ఫొటోలో ఒక పెద్దావిడ నవ్వుతూ దోసె వడ్డిస్తోంది. తీరా వెళ్తే ఆవిడా లేదు, దోసే లేదు. ఓనరు ఇంకో ఊళ్లో ఉంటాడట. వాచ్‌మన్ తాళం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. బ్రేక్‌ఫాస్ట్ అంటే ఫ్రిజ్ మీద ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు జామ్ పొట్లాలు. రాత్రి ఏసీ లోంచి నీళ్లు మంచం మీద కారాయి. ఓనరుకి ఫోన్ చేస్తే రేపు మనిషిని పంపిస్తా అన్నాడు. బకెట్ పెట్టుకుని, మంచం ఓ పక్కకి జరుపుకుని పడుకున్నాం. మా ఇంట్లో అదే జరిగితే రాత్రి రెండింటికైనా నేను లేచి ఇంకో గది తాళం తీస్తాను. నా మంచితనం అనుకోకండి, ఆ నీళ్లు కిందికి దిగితే తడిసేది మా హాలు.

యాప్‌లో చూసి ఇది తేల్చుకోలేరు. ఫోన్ చేయండి. నేనైతే మూడు ప్రశ్నలు అడుగుతాను. మీరు ఏ అంతస్తులో ఉంటారండీ? మేమొచ్చిన మర్నాడు టిఫిన్ ఏంటండీ? స్నానానికి నీళ్లు బోరువా, మునిసిపాలిటీవా? ఇంట్లో ఉండే మనిషి తడుముకోకుండా చెప్తుంది. టిఫిన్ సంగతి అడిగితే ‘మీకేది కావాలంటే అది సార్’ అన్నారంటే ఆయన ఆ వంటింట్లో అడుగు పెట్టలేదన్నమాట. ఇంటావిడైతే ‘పిండి ఉంది, మొదటిరోజు ఇడ్లీ, మర్నాడు పెసరట్టు’ అంటుంది.

తర్వాత వీడియో కాల్‌లో గేటు దగ్గర్నుంచి గది దాకా నడుస్తూ చూపించమనండి. ఫొటోలు పంపమంటే పాతవి పంపిస్తారు, పక్కవాళ్లవీ పంపిస్తారు. నడుస్తూ చూపిస్తే మెట్లు ఎన్నో, పట్టుకోడానికి రెయిలింగ్ ఉందో లేదో, బాత్‌రూమ్ గడప ఎంత ఎత్తో, కమోడ్ పక్కన గోడకి పట్టీ ఉందో లేదో అన్నీ కనపడతాయి. మా వైపు చాలా ఇళ్లలో అద్దెకిచ్చేది మేడ మీద గదులే. మీ అమ్మానాన్నల మోకాళ్ల సంగతి మీకే తెలియాలి. చూపించడానికి ఎవరైనా నసిగితే అడ్వాన్సు పంపకండి. ఎంత బాగున్నా మొత్తం డబ్బు ముందే కట్టకండి, సగం చాలు. మేం తీసుకునేదీ సగమే.

సముద్రం కనపడే గది

మా దగ్గర సముద్రం తూర్పున, దాని పక్కనే రోడ్డు, రోడ్డుకి ఇవతల ఇళ్లు. తీరాన్ని ఆనుకుని కొత్త కట్టడాలు కట్టకుండా సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలు ఉన్నాయి. అందుకే అచ్చంగా ఇసుక మీద ఉండే ఇల్లు మీకు దొరకడం అరుదు. ‘బీచ్‌ఫ్రంట్’ అని రాసినవి చాలా వరకు రోడ్డుకి ఇవతలివే. మధ్యలో ఆ రోడ్డు మీద బైకులు దూసుకుపోతుంటాయి, పిల్లలు దాటేటప్పుడు మీ గుండె మీ చేతిలో ఉండదు.

ఇక ముందు వరసలో ఉన్న ఇంటి బాధలు ఇంటివాళ్లకి తెలుస్తాయి. ఉప్పుగాలికి ఏసీ బయటి పెట్టె రెండు మూడేళ్లకే తుప్పు పట్టిపోతుంది. కిటికీ గొళ్లాలు బిగుసుకుపోతాయి, ఇత్తడి కుళాయి పచ్చబడుతుంది. అద్దం పొద్దున తుడిస్తే సాయంత్రానికి మసకే. దుప్పట్లు ఎంత ఎండబెట్టినా చేతికి చెమ్మ తగులుతుంది. పాపం ఎంత శుభ్రంగా ఉంచినా గదిలో ఒక రకమైన ముక్కిన వాసన. డిసెంబరులో అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది. పగలంతా మీరు బయట తిరుగుతారు, రాత్రి కిటికీ తీస్తే నల్లటి చీకటి. సముద్రం రాత్రిపూట కనపడేది కాదు, వినపడేది. ఆ హోరు రెండు మూడు వరసలు లోపలున్న ఇంటికి కూడా వినపడుతుంది, అద్దె మాత్రం తక్కువ.

మా ఇల్లు మూడో వరస. ఎదురుగా సరుగుడు చెట్లు. ఓసారి వరంగల్ నుంచి వచ్చిన ఒకాయన గదిలోకి వెళ్లి కర్టెన్ తీసి, సముద్రమేదీ అని నా మీద కేకలేశాడు. ప్రకటనలో ‘సముద్రానికి ఆరు నిమిషాల నడక’ అనే రాశాం. ఆయన సముద్రం అన్న మాట వరకే చదివాడు. ఆ రోజు నుంచి ఫోన్‌లోనే ముందు చెప్పేస్తున్నా, గదిలోంచి సముద్రం కనపడదండీ అని. అయినా ఏడాదికి ఇద్దరు ముగ్గురు వచ్చాక మొహం మాడ్చుకుంటారు.

ఇంకోటి, ఇక్కడ సూర్యోదయమే సముద్రంలోంచి. అస్తమయం కొండల వెనకాల. డిసెంబరులో ఆరుంపావుకి ఒడ్డున ఉంటే చాలు, మే నెల్లో లాగా అయిదుంపావుకి పరిగెత్తక్కర్లేదు. పిల్లల్ని లేపండి, ఏడిస్తే ఏడుస్తారు.

నీళ్లు. దీని గురించి ఎవరూ అడగరు, వచ్చాక అందరూ అడుగుతారు. తీరం దగ్గర కొన్నిచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. సబ్బు నురగ రాదు, తల జిగురు కడుతుంది. సముద్ర స్నానం చేసొచ్చి ఆ నీళ్లతోనే తలంటుకుంటే పూర్తిగా పోసుకున్నట్టు ఉండదు. మునిసిపాలిటీ నీళ్లు సంపులో పట్టుకునే ఇల్లు చూసుకోండి. తాగడానికి క్యాన్ నీళ్లు ఇస్తారో లేదో కూడా అడగండి, ఇచ్చినా కొందరు విడిగా లెక్క వేస్తారు.

ఏ పేటలో దిగాలి?

ఆర్కే బీచ్, పాండురంగాపురం చుట్టుపక్కలైతే సబ్‌మెరైన్ దగ్గర, స్టేషన్ దగ్గర. కానీ అది నగరం నడిబొడ్డు. సాయంత్రమైతే జనం, బళ్లు, హారన్లు, రాత్రి దాకా ముంతమసాలా బళ్లు. అక్కడ ఎక్కువగా కనపడేవి హోటళ్లు, ఫ్లాట్లు, ఇంటి బసలు తక్కువ. భీమిలి వైపు పోతే ప్రశాంతం, తోటలు, చౌక కూడా. కానీ రాత్రి ఎనిమిది దాటితే మందుల షాపు కావాలన్నా కారు తీయాలి. పెద్దవాళ్లతో అది నాకు నచ్చదు. సాగర్‌నగర్ నుంచి రిషికొండ వరకు ఉన్న ముక్క మీకు సరిపోతుంది. ఇటు నగరమూ, అటు భీమిలీ రెండూ అందుతాయి. ఇది మా పేట కాబట్టి చెప్తున్నానని అనుకున్నా నేనేం చేయలేను.

టిఫిన్ సంగతి

హోటల్ బఫేలా పది రకాలు ఉండవు. ఏ రోజు ఏది చేస్తే అదే, అందరికీ అదే. మా ఇంట్లో వరస దాదాపు ఇలా ఉంటుంది: ఒకరోజు ఇడ్లీ, అల్లం పచ్చడి; ఒకరోజు పెసరట్టు, ఉప్మా; ఒకరోజు పూరీ, బొంబాయి చట్నీ. నాలుగో రోజు ఉంటే దిబ్బరొట్టె వేస్తాను, అడుగంటా ఎర్రగా వేగాలి కాబట్టి దానికి ఓపిక ఉండాలి, నాకూ తినేవాళ్లకీ. పెద్దవాళ్లు షుగరు అంటే చోడి అంబలి కాస్తాను. మీ వైపు రాగి జావ అంటారు చూడండి, మా ఉత్తరాంధ్రలో అవి చోళ్లు. ఇలాంటివి ముందు రోజు రాత్రి చెప్పాలి. పొద్దున ఎనిమిదింటికి వచ్చి మా బాబు ఇడ్లీ తినడు అంటే ఇంటావిడ ఏం చేస్తుంది, అట్టు పోస్తుంది, లోపల విసుక్కుంటుంది.

టిఫిన్ వేళ అడగండి. మా దగ్గర ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర. పొద్దున్నే సింహాచలం వెళ్తామనో, రైలుందనో రాత్రే చెప్తే ఇడ్లీలు పొట్లం కట్టి ఇస్తాను. అడగరు చాలామంది. అద్దెలో కలిసిందే కదా, వదులుకుని రోడ్డు మీద కొనుక్కుంటారు.

మధ్యాహ్నం, రాత్రి భోజనం అద్దెలో ఉండదు. కొందరు డబ్బు తీసుకుని వండి పెడతారు, కొందరు అసలు ఒప్పుకోరు. మేం రాత్రి ఒక పూట పెడతాం, చేపల కూర కావాలంటే పొద్దునే చెప్పాలి, మావారు హార్బరు దాకా పోయి తేవాలి కనుక. మీరు డిసెంబరులో వస్తున్నారు కాబట్టి వంజరం, కోనెం, రొయ్యలు బాగానే దొరుకుతాయి. వేసవి సెలవుల్లో వచ్చేవాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. అప్పుడు హోటల్లో ‘తాజా వంజరం’ అంటే ఏ ఐసుపెట్టెలోంచి తీశారో అడిగి తినండి. కొన్ని ఇళ్లలో మాంసాహారం వండుకోనివ్వరు, బయటి నుంచి తెచ్చుకున్నా లోపల తిననివ్వరు. మద్యం సంగతీ అంతే, మా ఇంట్లో కూడదు. ఇవి ముందే అడిగితే ఎవరికీ చిన్నతనం ఉండదు.

రైలు దిగే వేళ చూసుకుని గది మాట్లాడుకోండి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తే పొద్దున్నే ఆరు ప్రాంతంలో దిగుతారు. గది ఇచ్చేది పన్నెండింటికి. అమ్మానాన్నలతో ఆ ఆరు గంటలు ఎక్కడ కూర్చుంటారు? హోటలైతే ఖాళీ గది ఉంటే ఇచ్చేస్తాడు. మూడే గదులున్న ఇంట్లో ముందురాత్రి దిగినవాళ్లు ఇంకా నిద్రలోనే ఉంటారు. మేమైతే కింద హాల్లో కూర్చోబెట్టి, స్నానానికి ఒక బాత్‌రూమ్ చూపించి, టిఫిన్ పెడతాం. ఆ పూట టిఫిన్‌కి డబ్బు వేరే. అది పద్ధతే కదా. అలా చేస్తారా అని అడగండి. మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో బయలుదేరే వందే భారత్ ఎక్కితే దిగేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, మా వైపు చేరేసరికి పన్నెండు. అర్ధరాత్రి గేటు తీయడానికి ఇష్టపడని ఇళ్లు ఉన్నాయి. అలాంటప్పుడు మొదటి రాత్రి స్టేషన్ దగ్గర ఏదో ఒక హోటల్లో పడుకుని పొద్దున రావడం మంచిది. ఇంకో జాగ్రత్త. భువనేశ్వర్, హౌరా వైపు పోయే కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రావు, దువ్వాడలో ఆగి వెళ్లిపోతాయి. దువ్వాడ నుంచి రిషికొండ అంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి. టికెట్టు తీసేటప్పుడు చూసుకోండి.

పిల్లలు కాక మిగతా అందరివీ ఆధార్ జిరాక్సులు అడుగుతారు, విసుక్కోకండి, అది మా మెడకు చుట్టుకునే విషయం. మీ అన్నయ్యో చెల్లెలో అమెరికా నుంచి వచ్చి మీతో కలుస్తుంటే, వాళ్లలో విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ల వివరాలు 24 గంటల్లోగా మేం ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపాలి. తెలుగు పిల్లలే కదా అంటే కుదరదు. అది వద్దులే అన్న ఇంటివాళ్లుంటే మిగతా విషయాల్లో కూడా అలాగే ఉంటారని అనుకోండి.

సముద్ర స్నానం

ఇది జాగ్రత్తగా చదవండి, మీకు పద్నాలుగేళ్ల అబ్బాయి ఉన్నాడన్నారు.

మా వీధి చివర ఉన్న ఒడ్డున లైఫ్‌గార్డులు ఉండరు. 2017 వేసవిలో మా ఇంట్లో దిగిన కుటుంబంలో పదిహేనేళ్ల కుర్రాడు, ఈత వచ్చినవాడే, సాయంత్రం టీ తాగి అలా వెళ్లొస్తానని పోయాడు. మోకాలి లోతులోనే ఉన్నాడట. ఒక కెరటం కూర్చోబెట్టింది, తర్వాతది లాక్కుపోయింది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న జాలరి ఒకాయన చూసి దూకాడు కాబట్టి బతికాడు. ఆ రాత్రి వాళ్లమ్మ అన్నం ముందు కూర్చుని చేయి కూడా పెట్టలేదు. తెల్లారి గది ఖాళీ చేసి వెళ్లిపోయారు. అప్పట్నుంచి తాళం చేతికిచ్చేటప్పుడే చెప్తున్నాను, నీళ్లలో దిగేది రిషికొండలో గార్డులున్న చోటే అని. రిషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, అప్పుడు దేశం మొత్తం మీద ఎనిమిది బీచ్‌లకు ఇచ్చారు. అక్కడ స్నానానికి హద్దులు పెట్టి ఉంటాయి, బట్టలు మార్చుకునే గదులు ఉంటాయి.

కెరటాలు విరిగి తెల్లగా నురగ కక్కే చోటు చూస్తే భయమేస్తుంది, పక్కన అలలు లేకుండా నున్నగా ఉన్న చోటు హాయిగా కనపడుతుంది. కొత్తవాళ్లు అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డు పొడవునా పక్కకి ఈదుకుంటూ ఆ దారి తప్పించుకుని, అప్పుడు ఒడ్డుకి రావాలి. మీ బాబుకి ఇది రైల్లోనే చెప్పండి. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట అసలు దిగనివ్వద్దు. నది నోట్లో ఇసుక ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు.

మూడు రోజులు ఎలా సర్దుకోవాలి?

అరకు వదిలేయండి. అటు నూటపదిహేను కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, బొర్రా గుహల్లో బోలెడు మెట్లు. ఒక్క రోజులో వెళ్లొస్తే మీ నాన్నగారు మర్నాడు మంచం దిగరు. పొద్దున కిరండూల్ రైల్లో వెళ్దామనుకుంటే అది ఏడు కాకముందే బయలుదేరుతుంది, మా పేట నుంచి అయిదింటికి కదలాలి. అరకు కోసం విడిగా రెండు రోజులు పెట్టుకుని ఇంకోసారి రండి. బొర్రా దగ్గర కొండల్లో పారే గోస్తనీయే మా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది, ఈసారికి దాని చివర చూసి సరిపెట్టుకోండి.

ఒక రోజు భీమిలి రోడ్డుకి ఇచ్చేయండి. టిఫిన్ తిని తొమ్మిదిన్నరకి బయలుదేరితే ముందు తొట్లకొండ. నేవీ వాళ్లు విమానంలోంచి సర్వే చేసినప్పుడు బయటపడిన బౌద్ధ ఆరామం అది. క్రీస్తు పూర్వం నుంచే భిక్షువులు ఉన్న చోటు. వాన నీళ్లు పట్టుకోడానికి రాతిలో తొట్లు తొలుచుకున్నారు, అందుకే ఆ పేరు. కారు పైదాకా వెళ్తుంది కాబట్టి పెద్దవాళ్లకి ఇబ్బంది లేదు. నన్నడిగితే విశాఖలో సముద్రాన్ని చూడాల్సిన చోటు అది, కైలాసగిరి కాదు. కింద మంగమారిపేట దగ్గర నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు రాతి తోరణం కనపడుతుంది, పోటు మీద ఉంటే దగ్గరికి పోలేరు. ఆ రోజు పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో ఇంటివాళ్లనడగండి, వాళ్లకు తెలియకపోతే చేపలావిడని అడిగి చెప్తారు. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. పిల్లలు జారుడుబల్లలా జారతారు, వద్దనండి, ఒక్కో జారుడికి ఎంత ఇసుక దిగుతుందో చూస్తే మీకే బాధేస్తుంది. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్. పావుగంట చాలు. అక్కడే భోంచేసి రెండున్నరకల్లా గదికి వచ్చి పెద్దవాళ్లని పడుకోనివ్వండి. ఇంటి బసలో సుఖం ఇదే, మధ్యాహ్నం రెండు గంటలు సొంతింట్లోలా కాళ్లు చాపుకోవచ్చు.

ఇంకో రోజు పొద్దున అడివివరం మీదుగా సింహాచలం, సాయంత్రం సబ్‌మెరైన్. దాని పేరు కుర్సురా, ఇప్పుడు మ్యూజియం. సోమవారం సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం దాటాకే తీస్తారు. 1969లో నౌకాదళంలో చేరి 31 ఏళ్లు పనిచేసిన జలాంతర్గామి, 1971 యుద్ధం చూసింది. లోపల వివరించి చెప్పేవాళ్లు ఎక్కువగా నేవీలో పనిచేసి వచ్చినవాళ్లే, వాళ్లని వదిలిపెట్టి గబగబా నడిచేయకండి. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, మీ అమ్మగారిని బయట గట్టు మీద కూర్చోబెట్టడమే మంచిది. ఎదురుగానే టీయూ-142 విమానం ఉంది, ఆవిడ దాన్ని చూస్తూ కూర్చుంటారు.

మూడో రోజు ఏమీ పెట్టుకోకండి. ఒడ్డున కూర్చోండి.

వాతావరణం, రద్దు

అక్టోబరు, నవంబరు మా దగ్గర తుపానుల కాలం, డిసెంబరు మొదట్లో కూడా ఒక్కోసారి పట్టుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా నెత్తి మీదుగానే తీరం దాటింది. ఆ రోజు మా ఇంట్లో రాజమండ్రి దంపతులు ఉన్నారు. ముందు రోజే వెళ్లిపోండి అన్నా, టీవీ వాళ్లు ఎప్పుడూ అంతేలెండి అన్నారు. తూర్పు వైపు కిటికీ అద్దం పగిలి గదిలోకి కొమ్మలతో సహా వచ్చిపడింది. నలుగురం మెట్ల కింద స్టోరు గదిలో కూర్చున్నాం. తర్వాత మా వీధికి కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. ఆయన నాలుగు రోజులు మాతోనే ఉండి, పడిపోయిన సరుగుడు చెట్టుని మావారితో కలిసి నరికాడు. ఆ నాలుగు రోజులకి అద్దె ఎవరు అడుగుతారు, ఎవరు ఇస్తారు? ఇప్పటికీ సంక్రాంతికి వాళ్లింటి నుంచి పూతరేకులు వస్తాయి. అయితే అందరు ఇంటివాళ్లూ అలా ఉంటారని రాసివ్వలేను కాబట్టి, తుపాను హెచ్చరిక వస్తే అడ్వాన్సు తిరిగిస్తారా అని అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి.

ధర అడిగారు. మా దగ్గర ఇద్దరికి టిఫిన్‌తో కలిపి గది రోజుకి 2,400. అదనపు పరుపుకి 600. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం వరకు 3,000. మీరు ఆరుగురు కాబట్టి రెండు గదులు, రెండు పరుపులు. ఇంతకన్నా బాగా తక్కువ చెప్తే నీళ్లో, టిఫినో, రెండూనో తేడా ఉంటుంది. బాగా ఎక్కువ చెప్తే సముద్రం కనపడుతుందన్నమాట. సింహాచలంలో చందనోత్సవం, గిరి ప్రదక్షిణ జరిగే రోజుల్లో అయితే ఏ ధరకీ దొరకవు, మీకు ఆ బెడద లేదు.

ఎవరికి ఇంటి బస వద్దంటానో కూడా చెప్పాలి. రాత్రి పన్నెండు దాకా కబుర్లు, పాటలు కావాలనుకునేవాళ్లకి వద్దు. గదిలోకి టీ, బిస్కెట్లు, ఇస్త్రీ బట్టలు బెల్లు కొడితే రావాలనుకునేవాళ్లకి వద్దు. ఎక్కడి నుంచి వచ్చారు, పిల్లలేం చదువుతున్నారు అని ఎవరైనా అడిగితే చిరాకు పడేవాళ్లకి అసలే వద్దు. మేం అడుగుతాం. అడక్కుండా ఉండలేం. మా కుక్క కూడా మొదటి రోజు మొరుగుతుంది, రెండో రోజు మీ బాబు వెనకాలే తిరుగుతుంది. కుక్క అంటే భయం ఉంటే అదీ ముందే చెప్పాలి.

మీ నాన్నగారు మెట్లు ఎక్కగలరా లేదా అన్నది మీరు రాయలేదు. ఎక్కలేరంటే చెప్పండి, మా వీధిలోనే కింద వాటా గదులిచ్చేవాళ్లు ఇద్దరున్నారు, డిసెంబరు మూడో వారానికి ఖాళీ ఉందేమో వాళ్లని అడిగి చెప్తాను.